ఊరు లేనివారి ఉల్లాసగీతములు

నిలుకడలేని మనిషిని చూచి లోకము నవ్వును. లోకము నవ్వకముందే తామే నవ్వుకొని, ఆ నవ్వును పాటగా కట్టుకొని, గూడ్సుబండ్ల కప్పులమీద కూర్చుండి ఊరూరు తిరిగిన ఒక జనసమూహము అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉండెడిది. 1870 ప్రాంతము మొదలుకొని రెండవ ప్రపంచయుద్ధము వరకు, అనగా సుమారు డెబ్బది సంవత్సరములు, ఆ దేశపు రైలుపట్టాలే వారికి రాజవీథులు. ఇల్లు లేదు, అప్పు లేదు, పన్ను లేదు, ఎక్కడికని అడుగువాడు లేడు అని గొప్పగా చెప్పుకొను జానపదగేయములు వారివి ఎన్నో కలవు. అట్టివి కొన్నింటిని గూర్చి నేడు ముచ్చటింప దలచినాము. ఆ గొప్పలో నిజమెంత యనునదే మా ప్రసంగవిషయము.

మొదట పేరు సంగతి. వీరిని అమెరికనులు ‘హోబో’లందురు. మనకు దేశదిమ్మరి యను మాట కలదు గాని, అందులో పనిపాటల వాసన లేదు. బైరాగి యందమన్న, వైరాగ్యమునకును హోబోకును చాల దూరము. బిచ్చగాడని అన్నచో వానికి కోపము వచ్చును. వారిలో వారికే తరతమభేదము లుండెడివి. పని వెదకుకొనుచు తిరుగువాడు హోబో. పని తలపెట్టక తిరుగువాడు ట్రాంపు. పనియు లేక, తిరుగుటయు లేక ఒక్కచోటనే పడియుండువాడు బమ్ము. ఏమియు లేనివారిలో గూడ ఇన్ని అంతస్తులా యని మనకు నవ్వు రావచ్చును. కాని కూలిచేసి బ్రదుకు హోబోకు ఆ భేదము ప్రాణముతో సమానము. అందుచేత ఈ ప్రసంగములో హోబో అనియే వ్యవహరింతుము.

వారి పుట్టుకకు కారణములు స్పష్టముగనే ఉన్నవి. అంతర్యుద్ధము 1865లో ముగిసినది. సైన్యమునుండి విడుదలయిన యువకులు వేలకొలదిగా పనిలేక నిలిచిరి. 1869లో తూర్పు పడమరల రైలుమార్గములు యూటా ప్రాంతమున కలిసినవి. 1873లో ఒకసారి, 1893లో మరియొకసారి బ్యాంకులు కూలి, కార్ఖానాలు మూతపడినవి. ఇంకొకవైపు పడమటి మైదానములలో గోధుమ కోతలకు, అడవులలో కలప నరకుటకు, గనులకు, కాలిఫోర్నియాలో పండ్లు కోయుటకు కొన్ని వారములపాటు మాత్రము వేలాది చేతులు కావలసివచ్చెను. పని ముగిసిన మరునాడు ఆ చేతులు ఎవరికిని అక్కరలేదు. దేశమునకు కూలివాడు కావలెను గాని, వానిని వచ్చినచోటనే నిలుపుకొను ఏర్పాటు లేదు. టిక్కెట్టు కొని పనికి పోయినచో వచ్చిన కూలి టిక్కెట్టునకే చాలదు. కనుక వాడు టిక్కెట్టు లేకయే బండి యెక్కెను.

ఎక్కుట యన్న మాట సులువుగా అంటిమి. కదలుచున్న గూడ్సుబండి వెంట పరుగెత్తి ఇనుపమెట్టు పట్టుకొనవలెను. ఖాళీ పెట్టె దొరికినచో అదృష్టము. లేనిచో కప్పుమీద, రెండు పెట్టెల నడుమ, ఒక్కొక్కప్పుడు పెట్టె క్రిందనున్న ఇనుపకడ్డీలమీద, పట్టాలకు జానెడు ఎత్తున పండుకొని పోవలెను. బ్రేకుమాన్ చూచిన డబ్బు లాగుకొనును, లేదా బండి నడచుచుండగనే క్రిందికి త్రోయును. రైల్వే పోలీసువానిని హోబోలు ‘ఆబోతు’ అను అర్థమిచ్చు మాటతో పిలిచెడివారు. ఆ పేరు ఏల వచ్చెనో చెప్పనక్కరలేదు. 1901 మొదలు 1905 వరకు గల అయిదేండ్లలోనే, అనుమతిలేక పట్టాలమీదికి, బండ్లమీదికి వచ్చి మరణించినవారు దాదాపు 24 వేలమంది యని నాటి లెక్కలు చెప్పినవి. వీరందరును హోబోలు కారు గాని, వారి భాగము తక్కువ కాదు.

ఇక పాట పుట్టిన చోటు. రైలుకూడలికి దాపున, నీరును చెట్లనీడయు నున్నచోట హోబోలు విడిది చేసెడివారు. ఆ విడిదికి వారు పెట్టిన పేరు ‘జంగిల్’. ఇది మన దేశపు మాటయే. జంగల్ ఇంగ్లీషువారి వెంట సముద్రము దాటి, తుదకు ఈ దిక్కులేనివారి మజిలీకి పేరైనది. అక్కడ ఒక డబ్బాలో నీరు కాగుచుండును. ఒకడు రెండు ఉర్లగడ్డలు, ఇంకొకడు ఉల్లిపాయ, వేరొకడు ఎముకముక్క తెచ్చి అందులో వేయును. దానిని ‘ముల్లిగన్’ కూర అందురు. దొరల విందులలోని ముల్లిగటానీ మన అరవ సోదరుల మిళగుతణ్ణి. ఈ ముల్లిగన్‌కు దానితో చుట్టరికము లేదు, ఇది ఐరిష్ ఇంటిపేరునుండి వచ్చినదందురు. తిన్నవాడు గిన్నెలు తోమి, తరువాత వచ్చువానికొరకు బోర్లించి పోవలెననునది జంగిల్ ధర్మము. స్వయముగా గూడ్సుబండ్లలో తిరిగి, పిమ్మట షికాగో విశ్వవిద్యాలయమున చేరి, 1923లో హోబోలపై గ్రంథము వ్రాసిన నెల్స్ ఆండర్సన్ ఈ ధర్మములను శ్రద్ధగా వర్ణించెను. షికాగో నగరముగుండా ఏటా మూడు మొదలు అయిదు లక్షలమంది ఇట్టి నిరాశ్రయులు వచ్చిపోవుదురని ఆయన అంచనా.

ఆ నిప్పు చుట్టు పాడుకొన్న పాటలలో తలమానికము ‘బిగ్ రాక్ క్యాండీ మౌంటెన్’. తెలుగులో పెద్ద కలకండ కొండ యనవచ్చును. ఒక సాయంకాలము జంగిల్‌లోనికి ఒక హోబో వచ్చి, తానొక వింతదేశమునకు పోవుచున్నానని మిగిలినవారిని రమ్మని పిలుచును. ఆ దేశములో సిగరెట్లు చెట్లకు కాయును. సారాయి వాగులై పారును, కూర చెరువై నిలుచును. కోళ్లు గ్రుడ్లను ఉడికించియే పెట్టును. పోలీసులకు కఱ్ఱకాళ్లు, కుక్కలకు రబ్బరుపండ్లు. చెఱసాలలు రేకుతో కట్టినవి గనుక పోయిన వెంటనే బయటికి రావచ్చును. పని యను దానిని కనిపెట్టినవానిని అక్కడ ఉరితీసినారు.

వినుటకు ఇంతకన్న నిశ్చింతయైన పాట లేదు. అయితే దీనిని ఒకసారి తలక్రిందులు చేసి చూడవలెను. కుక్కపండ్లు రబ్బరువని సంతోషించువాడు ఎవడు? రైతు వాకిట రొట్టెముక్క అడుగబోయి పిక్క కరపించుకొన్నవాడు. పోలీసునకు కఱ్ఱకాలు కోరువాడు ఎవడు? పరుగెత్తి పట్టుబడినవాడు. రేకు చెఱసాల రాతి చెఱసాలను ఎరిగినవాని ఊహ. ఆకలి రుచి యెరుగదని మన సామెత. ఈ పాటలోని ఆకలి మాత్రము రుచిని క్షుణ్ణముగా ఎరుగును. గ్రుడ్డు ఎంత మెత్తగా ఉడుకవలెనో గూడ దానికి తెలియును. స్వర్గమునందలి ప్రతివస్తువును ఒక దెబ్బకు మందు. పాటనుండి ఉల్లాసము తీసివేసినచో మిగులునది హోబో శరీరముమీది గాయముల పట్టిక.

ఇట్టి ఊహ క్రొత్తది కాదు. మధ్యయుగపు ఐరోపాలో పేదరైతులు ‘కొకేన్’ అను భోజనదేశమును గూర్చి కథలు చెప్పుకొనిరి. అక్కడ ఇండ్ల కప్పులు తినుబండారములతో కట్టినవట. బ్రూగెల్ అను చిత్రకారుడు 1567లో ఆ దేశమును చిత్రించెను. అందులో ముగ్గురు కడుపునిండ తిని నేలమీద దొర్లుచున్నారు. కరువు ఎరిగినవారే ఇట్టి దేశములను కనిపెట్టుదురు.

కలకండ కొండ పాటను తానే కట్టితినని హారీ మెక్లింటాక్ చెప్పుకొనెను. 1882లో జన్మించి, బాల్యములోనే ఇల్లు విడిచి, వీథులలో పాడి పొట్టపోసికొన్న మనిషి. 1928లో విక్టర్ కంపెనీవారు ఆయన పాటను రికార్డు చేసిరి. అయితే ఆ రికార్డులో లేని చరణ మొకటి కలదు. ఆ కాలమున కొందరు ముదురు ట్రాంపులు పల్లెల పిల్లవాండ్రను ఇట్టి వింతకథలు చెప్పియే ఇల్లు వెడలించి, వెంట త్రిప్పుకొని, బిచ్చమెత్తించి, హింసించెడివారు. పాడగల పిల్లవాడు మరింత విలువైన సరకు. తనను అట్లు లొంగదీసికొనజూచినవారినుండి పెనుగులాడియు, పారిపోయియు తప్పించుకొంటినని మెక్లింటాక్ తరువాతి కాలమున చెప్పెను. పాట అసలు ఆ మాయమాటలకు వెక్కిరింపు. నడిచి నడిచి కాళ్లు పుండ్లయిన పిల్లవాడు, నీవు చెప్పిన కొండ యెక్కడనని తుదిని ఎదురుతిరుగును. ఆ మాటలు గ్రామఫోనులో వినిపింపదగినవి కావు. వాటిని తీసివేయగా ఎర మాత్రము మిగిలినది, గాలము కనబడక పోయినది. లోకమంతయు ఆ ఎరనే పాడుకొన్నది. మేము ఈ పాటను గూర్చి ఇంతసేపు చెప్పుటకు కారణమిదియే.

రెండవ ప్రసిద్ధగీతము ‘హల్లెలూయా, ఐయామ్ ఎ బమ్’. దీనికి వరుస ఒక క్రైస్తవభజన కీర్తనది. ప్రభువును స్తుతింపవలసిన చోట గాయకుడు తన సోమరితనమును స్తుతించుకొనును. పని ఏల చేయవని పెద్దమనుష్యులు అడుగుదురు. పని ఇచ్చువాడు లేనిదే ఎట్లు చేయుదునని వాడు మారుప్రశ్న వేయును. ఈ పాటను చేతబట్టినవారు ‘ప్రపంచ పారిశ్రామిక కార్మికులు’ అను సంఘమువారు. షికాగోలో 1905లో స్థాపింపబడిన ఈ సంఘము, ఇతర సంఘములు గడపత్రొక్కనీయని తిరుగుడు కూలీలను చేర్చుకొనెను. 1908లో వారి ప్రతినిధులు ఇరువదిమందికి లోపు పోర్ట్‌లాండ్ నుండి షికాగో మహాసభకు గూడ్సుబండ్లలోనే ప్రయాణమై, దారిలో మజిలీ మజిలీకి ఈ పాట పాడి, పాటల కాగితములు అమ్మి, ఆ డబ్బుతో భోజనము చేసిరి.

భజన వరుస ఏల ఎన్నుకొనిరి? స్పోకేన్ పట్టణమున పని కుదుర్చు దళారులు కూలీలవద్ద రుసుము తీసికొని, నాలుగుదినములలో పని పోవునట్లు మేస్త్రీలతో కుమ్మక్కయ్యెడివారు. దీనిని ఖండించుచు వీథిమూలల ఉపన్యాసములిచ్చుచుండగా, ప్రక్కనే సాల్వేషన్ ఆర్మీ వారి బ్యాండు మ్రోగి మాటలు వినబడనీయకుండెను. సరి, వరుస మీది, మాటలు మావి యనుకొని వీరు ఆ బ్యాండుతోనే శ్రుతి కలిపిరి. 1909లో వారి చిన్న ఎర్రపాటల పుస్తకము అక్కడనే వెలువడినది. జో హిల్ అను స్వీడిష్ వలసకూలీ 1911లో ఇంకొక కీర్తన వరుసలో, ఆకలితో నున్నవానికి చచ్చినపిదప ఆకాశములో తీపిరొట్టె దొరకునని బోధించువారిని ఎగతాళి చేసెను. ఆయనను హత్యానేరముపై యూటాలో 1915 నవంబరు 19వ తేదీన కాల్చి చంపిరి. ఆ విచారణ న్యాయమైనదా యను వాదము నేటికిని ముగియలేదు.

సాల్వేషన్ ఆర్మీ పేరు ఆంధ్రదేశమునకు క్రొత్తది కాదు. స్టూవర్టుపురమున ఎరుకలవారికై ప్రభుత్వమేర్పరచిన నిర్బంధవసతిని నడిపినవారు వారే. సంచారము చేయువాడు నేరము చేయువాడే యను తలపుతో ఇక్కడ 1871 నాటి నేరజాతుల చట్టము పుట్టెను. అక్కడ 1876లో న్యూజెర్సీ రాష్ట్రము మొదటి ట్రాంపు చట్టము చేసెను. మన చట్టము దేశమంతట 1952లో రద్దయినది. రెండు దేశములందును ప్రభువులకు స్థిరముగా కూర్చున్న పేదవానికన్న కదలుచున్న పేదవాడే ఎక్కువ భయము కలిగించెను.

ఈ పాటలు పట్టాలు విడిచి ఇండ్లలోనికి వచ్చిన విధము రేడియో శ్రోతలు వినదగినది. కవి కార్ల్ సాండ్‌బర్గ్ 1897లో తానును గూడ్సుబండి యెక్కి కాన్సస్ గోధుమ కోతలకు పోయినవాడు; 1927లో ఆయన ప్రకటించిన ‘అమెరికన్ సాంగ్‌బ్యాగ్’ సంకలనములో హోబో గీతములకు చోటిచ్చెను. మెక్లింటాక్ 1925 నుండి శాన్ ఫ్రాన్సిస్కో రేడియోలో పిల్లల కార్యక్రమము నడిపెను. జిమ్మీ రోడ్జర్స్ కథ మరియు విచిత్రము. ఆయన బ్రేకుమాన్, హోబోలను బండిమీదినుండి దింపవలసిన ఉద్యోగి. క్షయరోగమువలన రైలుపని మాని పాటకు దిగెను. 1928లో అట్లాంటాలో ఆయన రికార్డు చేసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ ట్రెయిన్’ గీతములో, డబ్బులేని ప్రయాణికుని బ్రేకుమాన్ టెక్సాస్‌లో దింపివేయును. ఆయన పాడునది దిగినవాని పక్షమున. ఆ రికార్డు లక్షలాది కుటుంబములలో మ్రోగినది. 1933లో, ముప్పదియైదేండ్ల వయస్సున, న్యూయార్కులో రికార్డింగు ముగించిన రెండు దినములకే ఆయన మరణించెను.

ఇంటిలో వెచ్చగా కూర్చున్న గృహస్థునకు ఇంటిలేనివాని పాట ఏల రుచించినది? నెలాఖరు బిల్లులు, యజమాని ముఖము, అత్తవారి ఉత్తరములు — వీనినుండి మూడు నిమిషముల సెలవు అందులో దొరకెను. రికార్డు ఆగగనే దీపమార్పి తన మంచముమీదనే పరుండవచ్చును. ఇది తప్పని మేమనము. మేమును ఆ పాటలు అట్లే వినియుంటిమి.

కాని అందరకును ఆ సెలవైనను దొరకలేదు. 1931 మార్చి 25వ తేదీన అలబామా రాష్ట్రమున గూడ్సుబండినుండి తొమ్మండుగురు నీగ్రో యువకులను దింపి, చేయని మానభంగ నేరము మోపి, స్కాట్స్‌బరోలో విచారించిరి. వారిలో పదమూడేండ్ల బాలుడును ఉండెను. ఎనిమిదిమందికి రెండు వారములలో మరణశిక్ష విధించిరి. ఉన్నత న్యాయస్థానము కలుగజేసికొనుటచే మరణము తప్పినది గాని, సంవత్సరములు చెఱలో గడచినవి. తొమ్మండుగురిపై నింద తుడిచివేయుట 2013లోగాని పూర్తికాలేదు. వారును పని వెదకుకొనుచు బండి యెక్కినవారే. తెల్లవాడు నవ్వుచు ఎక్కిన పెట్టెలోనికి నల్లవాడు ఎక్కినచో పాట వేరు. స్త్రీల సంగతి పాటలలో మరియు తక్కువ. పురుషవేషము వేసికొని తిరిగినవారున్నను, వారు తమ నిశ్చింతను గూర్చి పాడుకొన్నట్లు ఈ సంకలనములలో కనబడదు.

1930 తరువాతి మహామాంద్యములో హోబోల సంఖ్య ఉప్పెనవలె పెరిగినది. 1933 నాటికి పనివారిలో నలుగురికొకరు నిరుద్యోగులు. ఇల్లు విడిచి బండ్లెక్కిన బాలబాలికలే రెండున్నర లక్షలని అంచనా. ఇప్పుడు పాటలో కలకండ కరగిపోయినది. 1934లో గోబెల్ రీవ్స్ పాడిన ‘హోబోస్ లల్లబై’ ఒక జోలపాట. అలసినవానిని నిద్రపొమ్మనును, రైలుచక్రముల చప్పుడునే జోకొట్టు చేయిగా చూపును, పోలీసులులేని చోటు పైలోకమున ఉన్నదని ఊరడించును. ఓక్లహోమాలో 1912లో జన్మించిన వుడీ గత్రీకి ఇది మిక్కిలి ప్రీతిపాత్రము. 1943లో వెలువడిన ఆయన ఆత్మకథ కిక్కిరిసిన గూడ్సుపెట్టెలోనే ఆరంభమగును. జోలపాటకు కలకండ కొండకును నడుమ ఆరేండ్లే. ఒకటి పగటి నవ్వు, రెండవది రాత్రి మాట. మా మట్టుకు రెండవదే గొప్పపాట.

యుద్ధము వచ్చినది, అందరకును పని దొరకినది. 1950 ప్రాంతమున ఆవిరి యంత్రములు పోయి డీజిలు యంత్రములు వచ్చినవి. నీటికొరకు, బొగ్గుకొరకు బండి ఆగవలసిన పనిలేదు. ఆగని బండి నెక్కుట ఎట్లు? గోధుమ కోతలకు యంత్రములు అంతకుముందే వచ్చినవి. కలకండ కొండ మాత్రము పిల్లల పాటయై మిగిలినది. ఆ పిల్లల పాటలో సిగరెట్ల చెట్లు పోయి పిప్పరమెంటు చెట్లు మొలచినవి. మెక్లింటాక్ 1957లో గతించెను; ఆయన 1928 నాటి గొంతు 2000 సంవత్సరమున వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ అను చలనచిత్రపు మొదటనే తిరిగి వినిపించినది.

అయోవా రాష్ట్రమున బ్రిట్ అను చిన్న ఊరిలో 1900 మొదలు హోబోల సమ్మేళనము జరుగుచున్నది. ఆగస్టు మాసమున ముల్లిగన్ కూర వండి వేలమందికి పెట్టుదురు, రాజును రాణిని ఎన్నుకొందురు, పాత పాటలు పాడుదురు. వచ్చువారిలో పెక్కుమంది ఇప్పుడు మోటారుకార్లలో వచ్చువారే. ఆ ఊరి శ్మశానములో హోబోలకై కొంత చోటు విడిచియున్నారు. ఏటేట సమ్మేళనమునకు వచ్చినవారు ముందుగా అక్కడికి పోయి, సమాధులముందు నిలిచి, గతించినవారి పేర్లు చదువుదురు. ఆ పేర్లలో చాలవరకు తల్లిదండ్రులు పెట్టినవి కావు, పట్టాలమీద తోడివారు పెట్టినవి.